టిన్ ఆక్సైడ్ పొర వాయువును ఎలా పసిగడుతుంది? నా పొర ఎందుకు పసిగట్టడం లేదు?

పొర_పిచికారి
1వ రోజు, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం టిన్ ఆక్సైడ్ పలుచని పొరలు వేస్తున్నాను. స్టానిక్ క్లోరైడ్ ద్రావణాన్ని 420 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాగుతున్న గాజు పలక మీద పిచికారి చేస్తాను. పొర నున్నగా, పారదర్శకంగా వస్తోంది. రెండు చివరలా వెండి పేస్టుతో ఎలక్ట్రోడ్లు పెట్టి, కింద హీటరుతో 300 డిగ్రీలకు తెచ్చి, మూసిన డబ్బాలో ఒక చుక్క ఇథనాల్ ఆవిరి చేశాను. నిరోధం 2.1 కిలోఓమ్‌ల నుంచి 2.0కి దిగింది. అంతే. గది ఉష్ణోగ్రత దగ్గరైతే ఆ కాస్త కదలిక కూడా లేదు.

పుస్తకంలో "వాయువు ఎలక్ట్రాన్లను ఇస్తుంది, కాబట్టి నిరోధం తగ్గుతుంది" అని ఒక్క వాక్యం ఉంది. దాన్ని బట్టీ పట్టాను కానీ అర్థం కాలేదు. ఇథనాల్ ఎలక్ట్రాన్లు ఇవ్వడమేమిటి? ఇచ్చేదైతే గది ఉష్ణోగ్రత దగ్గర ఎందుకు ఇవ్వదు?

టంకం
1వ రోజు, ఉదయం 10:15

ముందు ఎలక్ట్రోడ్ల సంగతి తేల్చుకోండి. వోల్టేజీని 1, 2, 5 వోల్టులకు మార్చి చూడండి. ప్రవాహం సరిగ్గా అదే నిష్పత్తిలో పెరుగుతుంటే అతుకులు బాగున్నట్టే. హీటరు తీగ పొరకు ఎక్కడా తగలకుండా చూడండి. 2.1 నుంచి 2.0 అంటే 5 శాతం మార్పు. చల్లటి చుక్క ఆవిరైనప్పుడు పొర వేడి కొంచెం మారినా ఆ మాత్రం తేడా వస్తుంది. ఇథనాల్ బదులు ఒట్టి గాలిని సిరంజితో పంపి చూశారా?

కొలిమి_దగ్గర
1వ రోజు, మధ్యాహ్నం 12:30

టంకం గారు చెప్పిన ఒట్టి గాలి పరీక్ష తప్పకుండా చెయ్యండి. అది లేకుండా ఏ గ్రాఫునూ నమ్మకండి.

ఇక మీ ప్రశ్న. పుస్తకంలోని ఆ వాక్యం అసలు పాత్రధారిని వదిలేసింది. ఆ పాత్రధారి ఆక్సిజన్.

టిన్ ఆక్సైడ్‌కు శక్తి అంతరం దాదాపు 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు. లోపం లేని స్ఫటికమైతే దాదాపు బంధకంలా ఉండాలి. కానీ మనం తయారుచేసే ప్రతి పొరలోనూ కొన్ని ఆక్సిజన్ స్థానాలు ఖాళీగా మిగిలిపోతాయి. అక్కడ ఉండాల్సిన ఆక్సిజన్ పట్టి ఉంచే ఎలక్ట్రాన్లు ఇప్పుడు స్వేచ్ఛగా తిరుగుతాయి. అందుకే అది ఎన్-రకం అర్ధవాహకం.

ఈ పొరను గాలిలో వేడి చేశారనుకోండి. గాలిలో 21 శాతం ఆక్సిజన్. ఆ అణువులు పొర ఉపరితలానికి అంటుకుని లోపలి నుంచి ఎలక్ట్రాన్లను లాక్కుంటాయి. సుమారు 150 డిగ్రీల లోపు ఆక్సిజన్ అణువుగానే ఒక ఎలక్ట్రాన్ తీసుకుని కూర్చుంటుంది. అంతకు మించి వేడెక్కితే రెండు పరమాణువులుగా విడిపోయి, ఒక్కోటీ ఒక్కో ఎలక్ట్రాన్ పట్టుకుంటుంది. ఇంకా పైన, 400 దాటాక, ఒక్కో పరమాణువు రెండేసి కూడా పట్టుకుంటుందని సాధారణంగా చెబుతారు. ఎలక్ట్రాన్లు పోయిన పైపొరను క్షీణ పొర అంటాం. అందులో ప్రవాహం నడవదు. అంటే శుభ్రమైన గాలిలో మీ సెన్సర్ నిరోధం ఎక్కువగా ఉండటానికి కారణం ఆక్సిజనే.

ఇప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వచ్చిందనుకుందాం. అది ఉపరితలం మీద కూర్చున్న ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఎగిరిపోతుంది. ఆక్సిజన్ పట్టుకున్న ఎలక్ట్రాన్ తిరిగి పొరలోకి దిగుతుంది. ఇథనాల్, హైడ్రోజన్, మీథేన్ అన్నింటిదీ స్థూలంగా ఇదే దారి. వాయువు తన సొంత ఎలక్ట్రాన్‌ను దానం చేయడం లేదు. ఆక్సిజన్ తాకట్టు పెట్టుకున్న ఎలక్ట్రాన్‌ను విడిపిస్తోంది.

అందుకే వేడి కావాలి. ఆక్సిజన్ అణువు విడిపోవడానికీ, వాయువు దానితో మండడానికీ, మండగా వచ్చిన నీటి ఆవిరి అక్కడే అతుక్కోకుండా లేచిపోవడానికీ మూడింటికీ వేడే ఆధారం. గది ఉష్ణోగ్రత దగ్గర మీ పొర మీద ఈ మూడూ దాదాపు ఆగిపోతాయి.

కొత్త_ప్రశ్న
1వ రోజు, మధ్యాహ్నం 1:05

అన్నా, అయితే గాలి లేని చోట ఈ సెన్సర్ పనిచేయదా? నైట్రోజన్ నింపిన డబ్బాలో పెడితే?

ఉపరితలం
1వ రోజు, సాయంత్రం 5:50

మంచి ప్రశ్న. నైట్రోజన్‌లో పెడితే ఏ వాయువూ పంపకుండానే నిరోధం పడిపోతుంది, ఎందుకంటే కూర్చున్న ఆక్సిజన్ మెల్లగా లేచిపోతుంది, కొత్తది రాదు. గాలిలో గీసిన క్రమాంకన రేఖ (నిరోధాన్ని బట్టి వాయువు గాఢత చదువుకునే గీత) అక్కడ చెల్లదు. ఆక్సిజన్ తగ్గిన ట్యాంకులోనో గోతిలోనో ఇలాంటి సెన్సర్ చూపే అంకెను గుడ్డిగా నమ్మి దిగడం ప్రాణాంతకం.

కొలిమి_దగ్గర గారు చెప్పిన చిత్రానికి ఒక సవరణ. కార్బన్ మోనాక్సైడ్‌ను నైట్రోజన్‌లో పంపినా చాలా పొరల్లో స్పందన కనిపిస్తుంది. పైన కూర్చున్న ఆక్సిజన్ లేదు కదా, మరి దేనితో కలిసింది? స్ఫటికం జాలకంలోని ఆక్సిజన్‌నే పెకలించుకుపోయింది. అక్కడ కొత్త ఖాళీ ఏర్పడి ఎలక్ట్రాన్లు వదిలింది. గాలిలోనూ ఎంత భాగం ఈ దారిన జరుగుతోంది, ఎంత భాగం అంటుకున్న ఆక్సిజన్ దారిన జరుగుతోంది అన్నదాని మీద ఈ రంగంలో ఏళ్ల తరబడి వాదన నడుస్తోంది. ఒక ఎలక్ట్రాన్ పట్టుకున్న ఒంటరి ఆక్సిజన్ పరమాణువును 300 డిగ్రీల దగ్గర, పనిచేస్తున్న సెన్సర్ మీద, వర్ణపటంలో నేరుగా చూపడం చాలా కష్టం. పాఠ్యపుస్తకాల్లో మాత్రం దాన్ని కళ్లారా చూసినట్టే రాస్తారు. నేను పాఠం చెప్పేటప్పుడు మొదటి చిత్రంతోనే మొదలుపెడతాను, కానీ అది లెక్క కుదిరే నమూనా అని చెప్పకుండా వదలను.

కొలిమి_దగ్గర
1వ రోజు, రాత్రి 8:10

ఒప్పుకుంటాను. రెండు దారుల్లోనూ పొర కోల్పోయేది ఆక్సిజనే, తిరిగి వచ్చేది ఎలక్ట్రానే. ప్రాజెక్టు నివేదికలో మీ వాక్యం కూడా రాయమంటాను.

పొర_పిచికారి గారూ, మూడు వివరాలు కావాలి. పొర మందం ఎంత? ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో రేణువులు విడివిడిగా ఉన్నాయా, గట్టిగా పేరుకుపోయాయా? ఒక చుక్క అంటే ఎన్ని మైక్రోలీటర్లు, డబ్బా ఎన్ని లీటర్లు?

పొర_పిచికారి
2వ రోజు, ఉదయం 11:20

ఒట్టి గాలి పంపితే 2 శాతం కదలింది. అంటే నాకు వచ్చిన 5 శాతంలో దాదాపు సగం వేడి మారడం వల్లే అన్నమాట.

మందం 900 నానోమీటర్లు. చిత్రంలో రేణువుల మధ్య సందులు కనిపించడం లేదు, పలకలాగా ఉంది. డబ్బా 5 లీటర్లు. చుక్క డ్రాపరుతో వేశాను, బహుశా 50 మైక్రోలీటర్లు ఉంటుంది.

ఉపరితలం
2వ రోజు, ఉదయం 11:55

ముందు చుక్క లెక్క. 5 లీటర్ల గాలి అంటే గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 0.2 మోల్. అందులో 100 పీపీఎం (పది లక్షల్లో వంద భాగాలు) ఇథనాల్ కావాలంటే దాదాపు 0.94 మిల్లీగ్రాములు, ద్రవంగా 1.2 మైక్రోలీటర్లు చాలు. మీ 50 మైక్రోలీటర్ల చుక్క 4000 పీపీఎం పైనే. అంత ఇథనాల్ పోసినా పొర పలకలేదంటే అసలు జబ్బు పొరలోనే ఉంది. ఇకపై మైక్రోలీటర్ సిరంజి వాడండి.

కొలిమి_దగ్గర
2వ రోజు, మధ్యాహ్నం 2:40

జబ్బు దొరికింది. వెడల్పాటి రోడ్డుకు రెండు అంచుల్లో ఒక్కో అడుగు మేర రాళ్లు పేర్చారనుకోండి, బండ్ల రాకపోకలకు ఏమీ కాదు. అదే రాళ్లు ఇరుకు సందులో పేరిస్తే సందు మూసుకుపోతుంది. తీసేస్తే తెరుచుకుంటుంది. మీ పొర వెడల్పాటి రోడ్డు.

ఆక్సిజన్ ఎంత లోతు వరకు ఎలక్ట్రాన్లను లాగగలదన్నదానికి డిబై పొడవు ఒక కొలత. ఘన సెంటీమీటరుకు పది ఘాతం 18కి 3.6 రెట్లు ఎలక్ట్రాన్లున్న టిన్ ఆక్సైడ్‌లో, 250 డిగ్రీల దగ్గర, అది సుమారు 3 నానోమీటర్లు. మీ పొర 900 నానోమీటర్లు, పైగా సందు లేకుండా గట్టిగా ఉంది. పైన కొన్ని నానోమీటర్లు మూసుకున్నా తెరుచుకున్నా, కింద మిగిలిన వందల నానోమీటర్ల గుండా ప్రవాహం హాయిగా నడుస్తూనే ఉంటుంది.

రెండో సంగతి మీ 2 కిలోఓమ్‌లు. సెన్సర్ పొరకు ఇది బాగా తక్కువ. స్టానిక్ క్లోరైడ్ నుంచి వేసిన పొరలో క్లోరిన్ మిగిలి, ఆక్సిజన్ స్థానంలో కూర్చుంటే అదనంగా ఎలక్ట్రాన్ ఇస్తుంది. ఎలక్ట్రాన్ల సంఖ్య పది ఘాతం 20కి చేరితే డిబై పొడవు 0.6 నానోమీటర్లకు కుంచించుకుపోతుంది. మీరు వేసింది పారదర్శక వాహక పొర, సౌర ఫలకం పైముఖానికి పనికొచ్చే రకం. దాన్ని సెన్సర్‌గా పలకమంటే ఎలా పలుకుతుంది?

ఇక రేణువులున్న పొరలో ఏం జరుగుతుందో చూడండి. 60 నానోమీటర్ల రేణువు చుట్టూ 3 నానోమీటర్లు క్షీణిస్తే ఘనపరిమాణంలో 73 శాతం ఇంకా వాహకంగానే ఉంటుంది. 20 నానోమీటర్ల రేణువులో 34 శాతమే మిగులుతుంది. 6 నానోమీటర్లకు దిగితే ఏమీ మిగలదు, రేణువంతా ఆక్సిజన్ చేతిలోకి వెళ్లిపోతుంది. టిన్ ఆక్సైడ్ రేణువు పరిమాణం 6 నానోమీటర్ల దరిదాపుల్లోకి వచ్చేసరికి స్పందన ఒక్కసారిగా ఎగబాకడానికి ఇదే కారణం. దీన్ని నోబోరు యమజోయె బృందం 1991లో స్పష్టంగా చూపింది.

పెద్ద రేణువులున్నా ఆశ వదులుకోనక్కర్లేదు. రేణువుకూ రేణువుకూ మధ్య సరిహద్దులో రెండు వైపులా క్షీణ పొరలు కలిసి ఒక గట్టులా నిలుస్తాయి. ఎలక్ట్రాన్ ఆ గట్టు దాటి పోవాలి. దాటే అవకాశం గట్టు ఎత్తు మీద ఘాతీయంగా ఆధారపడుతుంది. 300 డిగ్రీల దగ్గర ఉష్ణశక్తి సుమారు 0.049 ఎలక్ట్రాన్ వోల్టులు. వాయువు వచ్చి గట్టును కేవలం 0.1 ఎలక్ట్రాన్ వోల్టు తగ్గించినా ప్రవాహం ఏడున్నర రెట్లు పెరుగుతుంది. పీపీఎంలలో ఉన్న వాయువుకు నిరోధం రెట్లలో మారడం వెనక ఉన్నది ఈ ఘాతమే. నాకు ఈ లెక్క ఇప్పటికీ ఒళ్లు పులకరించేలా చేస్తుంది.

చేయాల్సింది: పిచికారి సార్లు బాగా తగ్గించి 100 నుంచి 150 నానోమీటర్ల పొర వెయ్యండి. తర్వాత గాలిలో 500 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చండి. క్లోరిన్ పోతుంది, అదనపు ఖాళీలు పూడుతాయి. గాజు మెత్తబడకుండా చూసుకోండి, కుదిరితే క్వార్ట్జ్ గానీ అల్యూమినా గానీ వాడండి.

రసాయన_పంతులు
2వ రోజు, రాత్రి 9:00

చరిత్ర కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఉపరితలానికి అంటుకున్న వాయువు అర్ధవాహకం గుణాన్ని మారుస్తుందని 1953లో బ్రాటైన్, బార్డీన్ జెర్మేనియం మీద చూపారు. అంతకు కొన్నేళ్ల ముందు ట్రాన్సిస్టర్ చేసింది కూడా వాళ్లే. ట్రాన్సిస్టర్‌కు తలనొప్పి అయిన ఆ గుణమే మనకు వరమైంది. 1962లో జపాన్‌లో తెత్సురో సెయియామా బృందం జింక్ ఆక్సైడ్ పలుచని పొరను వేడి చేసి, దాని వాహకత మార్పుతో వాయువులను గుర్తించవచ్చని ప్రచురించింది. అదే కాలంలో నవోయోషి తగుచి టిన్ ఆక్సైడ్‌ను రేణువుల ముద్దగా వాడి పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ఇళ్లలో గ్యాస్ లీకును పట్టే అలారం దాని నుంచే వచ్చింది. గమనించారా, మొదటి పరిశోధనా పత్రం పలుచని పొర మీదే, కానీ చౌకగా, గట్టిగా నిలిచి అమ్ముడుపోయింది ముద్ద సెన్సర్.

కొత్త_ప్రశ్న
3వ రోజు, ఉదయం 8:30

అన్నా, నా దగ్గర ఎంక్యూ-135 అనే వాయు సెన్సర్ మాడ్యూల్ ఉంది. దాంతో క్లాసురూమ్‌లో కార్బన్ డయాక్సైడ్ కొలుస్తున్నాను. తెరిచిన కిటికీ దగ్గరా, మూసిన గదిలోనూ తేడా వస్తోంది. ఇది కూడా ఇదే సూత్రమా?

ఉపరితలం
3వ రోజు, ఉదయం 9:10

సూత్రం ఇదే, అందుకే మీరు కొలుస్తున్నది కార్బన్ డయాక్సైడ్ కాదు. ఆలోచించండి: కార్బన్ డయాక్సైడ్ అప్పటికే పూర్తిగా మండిపోయిన అణువు. ఉపరితలం మీది ఆక్సిజన్‌తో కలవడానికి అందులో ఏమీ మిగల్లేదు. మూసిన గదిలో మనుషుల ఊపిరితో హైడ్రోజన్, రకరకాల సేంద్రియ ఆవిర్లు, తేమ కూడా పెరుగుతాయి. సెన్సర్ పలికేది వాటికి. కొన్ని మాడ్యూళ్లు కార్బన్ డయాక్సైడ్‌కు సమానం అంటూ చూపే అంకె ఆ ఆవిర్ల నుంచి కట్టిన అంచనా. గదిలో ఎవరైనా శానిటైజర్ రాసుకుంటే ఆ అంకె అమాంతం ఎగిరిపోతుంది, చేసి చూడండి. నిజంగా కార్బన్ డయాక్సైడ్ కావాలంటే 4.26 మైక్రోమీటర్ల పరారుణ కాంతిని అది పీల్చుకోవడం ఆధారంగా పనిచేసే సెన్సర్ కొనండి.

టంకం
3వ రోజు, ఉదయం 9:45

ఎంక్యూ మాడ్యూళ్ల గురించి ఇంకో మాట. తెరపై వచ్చే అంకె వోల్టేజీ మాత్రమే. సరఫరా వోల్టేజీని లోడు (సెన్సర్‌తో వరుసలో కలిపిన నిరోధకం) మీది వోల్టేజీతో భాగించి, అందులోంచి 1 తీసేసి, లోడు నిరోధంతో గుణిస్తే సెన్సర్ నిరోధం వస్తుంది. దాన్ని శుభ్రమైన గాలిలోని నిరోధంతో పోల్చాలి. నిరోధానికీ గాఢతకూ సంబంధం సరళరేఖ కాదు, రెండింటి లాగరిథమ్‌లు తీసి గీస్తే సరళరేఖ వస్తుంది. కొత్త సెన్సర్‌కు కనీసం 24 గంటలు హీటరు వేసి ఉంచండి. నిల్వ ఉన్నన్నాళ్లూ పట్టిన తేమా మురికీ పోయి ఆక్సిజన్ పొర స్థిరపడటానికి ఆ టైము కావాలి. అయిదు నిమిషాలకే క్రమాంకనం చేసి, సెన్సర్ తప్పు చూపిస్తోందని రోజూ ఎవరో ఒకరు అడుగుతుంటారు.

అలారం_పెట్టె
3వ రోజు, మధ్యాహ్నం 12:00

నేను గ్యాస్ అలారాలు బిగించి, సరిచూసే పనిలో ఉన్నాను. ఆ వైపు నుంచి రెండు మాటలు.

మీథేన్ మొండిది. దాని కార్బన్-హైడ్రోజన్ బంధం తెగడానికి మోల్‌కు దాదాపు 440 కిలోజౌళ్లు కావాలి. ఇథనాల్ 300 డిగ్రీలకే మండితే మీథేన్‌కు 400 అటూ ఇటూ కావాలి. ఇది పనికొచ్చే తేడా. కార్బన్ మోనాక్సైడ్‌కు వాడే ఎంక్యూ-7 సెన్సర్ హీటరుకు 60 సెకన్లు 5 వోల్టులు, తర్వాత 90 సెకన్లు 1.4 వోల్టులు ఇవ్వమంటారు. ఎక్కువ వేడిలో ఉపరితలం శుభ్రపడుతుంది, తక్కువ వేడి చివర్లో కార్బన్ మోనాక్సైడ్‌ను కొలుస్తారు. హీటరుకు ఎడతెగకుండా 5 వోల్టులు ఇచ్చి కొలిచేవాళ్లు కార్బన్ మోనాక్సైడ్‌ను చూడటం లేదు.

రెండోది, మాడ్యూలుతో ఇంట్లో అలారం చేసుకుని దాని మీద ఆధారపడి నిద్రపోకండి. మీథేన్ గాలిలో 5 శాతం, అంటే 50,000 పీపీఎం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. ప్రొపేన్‌కు 2 శాతం పైచిలుకు చాలు. అలారం దానికి చాలా ముందే మోగాలి. తేమ మారినా, ఏళ్లు గడిచినా మోగే స్థాయి జరగకూడదు. తెలిసిన గాఢత ఉన్న వాయువుతో సరిచూడని పెట్టె అలంకారమే. మీథేన్ గాలి కన్నా తేలిక, ప్రొపేన్ బరువు, కాబట్టి ఒకదానికి పైకప్పు దగ్గర, ఇంకోదానికి నేల దగ్గర బిగించాలి. సెన్సర్ ఎంత మంచిదైనా వాయువు దాని దగ్గరికి రాకపోతే ఏం లాభం?

నీలి_తుత్తం
4వ రోజు, సాయంత్రం 6:20

నాది కాపర్ ఆక్సైడ్ పొర. ఇథనాల్ పంపితే నిరోధం పెరుగుతోంది. తీగలు తారుమారు చేశానేమో అని మళ్లీ చేశాను, మళ్లీ పెరిగింది. తప్పు ఎక్కడుంది?

కొలిమి_దగ్గర
4వ రోజు, రాత్రి 7:30

తప్పేమీ లేదు, అలాగే పెరగాలి. కాపర్ ఆక్సైడ్, నికెల్ ఆక్సైడ్ పీ-రకం, వాటిలో ప్రవాహం మోసేవి రంధ్రాలు, అంటే ఎలక్ట్రాన్ లేని ఖాళీలు. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను లాక్కుంటే ఉపరితలం దగ్గర రంధ్రాలు పెరిగి నిరోధం తగ్గుతుంది. ఇథనాల్ ఆ ఎలక్ట్రాన్లను విడిపించగానే అవి రంధ్రాలను పూడుస్తాయి, నిరోధం పెరుగుతుంది. ఉపరితలం మీద జరిగేది రెండు రకాల్లోనూ ఒక్కటే. అయితే పీ-రకంలో ప్రవాహం రేణువు అంచు వెంట నడుస్తుంది కాబట్టి స్పందన చిన్నగా ఉంటుంది. ఉపరితలంలో అదే మార్పుకు ఎన్-రకం 100 రెట్లు పలికితే పీ-రకం దాని వర్గమూలమంత, అంటే 10 రెట్లు పలుకుతుందని సిద్ధాంతం చెబుతుంది.

నైట్రోజన్ డయాక్సైడ్ పంపితే ఈ కథంతా తిరగబడుతుంది. అది ఆక్సిజన్‌తో కలిసేది కాదు, తానే ఎలక్ట్రాన్ లాక్కునేది. టిన్ ఆక్సైడ్ నిరోధాన్ని పెంచుతుంది, మీ కాపర్ ఆక్సైడ్ నిరోధాన్ని తగ్గిస్తుంది. టంగ్‌స్టన్ ఆక్సైడ్‌ను దీనికి ఎక్కువగా వాడతారు.

పొర_పిచికారి
16వ రోజు, ఉదయం 10:00

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. అల్యూమినా పలక మీద 120 నానోమీటర్ల పొర వేసి 500 డిగ్రీల దగ్గర 3 గంటలు కాల్చాను. 300 డిగ్రీల దగ్గర గాలిలో నిరోధం 410 కిలోఓమ్‌లు. 100 పీపీఎం ఇథనాల్‌కు 45కి దిగింది. అంటే స్పందన (గాలిలోని నిరోధాన్ని వాయువులోని నిరోధంతో భాగిస్తే వచ్చేది) 9! ఒట్టి గాలికి కదలిక 1 శాతం లోపే. నా కళ్లను నేనే నమ్మలేక మూడుసార్లు చేశాను.

వేడి మారుస్తూ కూడా కొలిచాను. 200 దగ్గర స్పందన 2, 320 దగ్గర 10, 420 దగ్గర మళ్లీ 3. వేడి పెరిగే కొద్దీ చర్య వేగం పెరగాలి కదా, మరి ఎందుకు పడిపోయింది?

ఉపరితలం
16వ రోజు, మధ్యాహ్నం 12:45

మనసారా అభినందనలు. మూడుసార్లు చేయడం మరీ నచ్చింది.

పడిపోవడానికి కారణం ఆ వేగమే. మీ పొరలో రేణువుల మధ్య సన్నని సందులున్నాయి, ఇథనాల్ వాటిలోంచి విసరణం చెందుతూ లోపలి రేణువులను చేరాలి. మరీ వేడిగా ఉంటే అది పైవరుస రేణువుల దగ్గరే మండి అయిపోతుంది, లోపలి వాటికి అందదు. పై భాగం పలికినా కింది భాగం పలకదు, మొత్తం మార్పు చిన్నదవుతుంది. దానికి తోడు ఎక్కువ వేడిలో అంటుకుని నిలిచే ఆక్సిజన్ మోతాదు కూడా తగ్గుతుంది. అందుకే కొండలాంటి గ్రాఫు వస్తుంది. ఇంకా పలుచగా వేస్తే శిఖరం ఇంకొంచెం ఎక్కువ వేడి వైపు జరగాలి. మీ దగ్గర 60 నానోమీటర్ల పొర ఉంటే సరిచూడండి, ఒక మంచి అధ్యాయం అవుతుంది.

కొలిమి_దగ్గర
16వ రోజు, సాయంత్రం 4:00

శిఖరాన్ని తక్కువ వేడికి దింపాలంటే మరో దారి ఉత్ప్రేరకం. ప్లాటినం చుక్కలు ఉపరితలం మీద ఉంటే హైడ్రోజన్ లాంటివి వాటి మీద విడిపోయి ఆక్సైడ్ మీదికి పారతాయి. పల్లాడియం దారి వేరు. గాలిలో అది పల్లాడియం ఆక్సైడ్‌గా ఉండి టిన్ ఆక్సైడ్ నుంచి ఎలక్ట్రాన్లు లాగి ఉంచుతుంది, వాయువు తగలగానే లోహంగా మారి ఆ పట్టు వదిలేస్తుంది. ఎక్కువ వేస్తే చుక్కలు కలిసిపోయి లాభం పోతుంది. ముందు ఒట్టి పొర లెక్క పూర్తిచేసి ఆ పని పెట్టుకోండి.

పొర_పిచికారి
27వ రోజు, రాత్రి 9:30

ఒక కష్టం వచ్చింది. అదే పొర, అదే 300 డిగ్రీలు, అదే 100 పీపీఎం. మొదటి రోజు 9 ఉన్న స్పందన వారానికి 6, ఇవాళ 4. కోలుకునే సమయం కూడా రెట్టింపయింది. 500 దగ్గర మళ్లీ కాల్చాను, మారలేదు. పొర మీద గీతలు లేవు, ఎలక్ట్రోడ్లు బాగున్నాయి.

టంకం
27వ రోజు, రాత్రి 9:50

హీటరు వోల్టేజీ పడిపోయిందా? థర్మోకపుల్ కదిలిందా?

పొర_పిచికారి
27వ రోజు, రాత్రి 10:05

రెండూ సరిచూశాను. 300 దగ్గరే ఉంది.

అలారం_పెట్టె
28వ రోజు, ఉదయం 7:15

డబ్బా మూతను దేనితో మూశారు?

పొర_పిచికారి
28వ రోజు, ఉదయం 8:00

సిలికోన్ సీలెంట్. గాలి చొరబడకుండా మొదటి విజయం తర్వాత కొత్తగా మందంగా పూశాను.

అలారం_పెట్టె
28వ రోజు, ఉదయం 8:10

అదే. సీలెంట్ నుంచి సిలోక్సేన్ (సిలికాన్ ఉన్న సమ్మేళనం) ఆవిర్లు వస్తుంటాయి. వేడి పొర మీద అవి మండి సిలికాగా మారి అక్కడే ఉండిపోతాయి. సిలికా గాజు లాంటిది, 500 కాదు, ఎంత కాల్చినా పోదు. కొత్తగా కిటికీలకు సీలెంట్ వేసిన గదుల్లో, హెయిర్ స్ప్రే ఎక్కువగా వాడే చోట్ల అలారాలు ఇలాగే మూగబోవడం చాలాసార్లు చూశాను. ఆ పొర పని అయిపోయింది, ఆ డబ్బాను కూడా వాడకండి.

ఉపరితలం
28వ రోజు, ఉదయం 10:30

సరైన నిర్ధారణ. ఆ పొరను పారేయకండి. ఎక్స్‌రే ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటంలో సిలికాన్ శిఖరం కనిపిస్తే మీ నివేదికలో రుజువుతో సహా పెట్టవచ్చు. దానికి హైడ్రోజన్ కూడా పంపి చూడండి. సన్నటి సిలికా పొరలోంచి హైడ్రోజన్ దూరగలదు, పెద్ద అణువులు అంత తేలిగ్గా దూరలేవు. హైడ్రోజన్‌ను మాత్రమే పట్టే సెన్సర్ కోసం కొందరు కావాలనే ఇలాంటి సిలికా పూత వేస్తారు.

పొర_పిచికారి
41వ రోజు, సాయంత్రం 5:20

గాజు డబ్బా, టెఫ్లాన్ వాషరుతో మళ్లీ మొదలుపెట్టాను. కొత్త పొర స్పందన మొదటి రోజు 8.8, పదో రోజు 8.6. పాత పొరలో సిలికాన్ శిఖరం కనిపించింది. హైడ్రోజన్‌కు అది ఇంకా 5 రెట్లు పలుకుతోంది, ఇథనాల్‌కు 3 మాత్రమే.

వానపడిన రోజు మాత్రం కొత్త పొర గాలి నిరోధం 390 నుంచి 300కి పడింది, స్పందన కూడా 7కి వచ్చింది. ఇది నీళ్ల పనేనా?

కొలిమి_దగ్గర
41వ రోజు, రాత్రి 8:00

నీళ్ల పనే. నీటి ఆవిరి ఉపరితలం మీద హైడ్రాక్సిల్ గుంపులుగా అతుక్కుంటుంది. ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట్లను ఆక్రమిస్తుంది, ఎలక్ట్రాన్లను కూడా వదిలిస్తుంది. అందుకే నిరోధమూ తగ్గింది, స్పందనా తగ్గింది. డబ్బాలో తేమ సెన్సర్ ఒకటి పెట్టి, ప్రతి కొలత పక్కన తేమ శాతం రాయండి. ఆరిన గాలిలో ఒకసారి, 50 శాతం తేమలో ఒకసారి పూర్తి గ్రాఫు గీయండి. ఆరిన గాలి గ్రాఫు ఒక్కటే పెట్టిన పత్రాన్ని చూస్తే నేను మొదట అడిగే ప్రశ్న ఇదే.

పొర_పిచికారి
41వ రోజు, రాత్రి 8:25

రేపే తేమ సెన్సర్ పెడతాను మాస్టారూ. రెండు గ్రాఫులూ, 60 నానోమీటర్ల పొర కొలతలూ వచ్చాక ఇక్కడే పెడతాను.